కుక్క ఒంట్లోపలి బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లు: గుర్తుపట్టడం నుంచి కోర్సు పూర్తయ్యేదాకా, విశాఖలో కుక్కలు పెంచేవాళ్ల కోసం

మా సిరి ఆరేళ్ల లాబ్రడార్. ఒక ఆగస్టులో వరసగా రెండు రోజులు నీళ్ల గిన్నె మాటిమాటికీ ఖాళీ చేసింది. ఎంవీపీ కాలనీలో ఆ నెలలో ఉక్కపోత ఎలా ఉంటుందో తెలిసిందే కదా, వేడికి తాగుతోందనుకున్నాం. మూడో రోజు అన్నం ముట్టలేదు. దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే జ్వరం చూసి ఇంజెక్షన్ ఇచ్చారు. సాయంత్రానికి లేచి తోక ఊపింది. మర్నాడు మళ్లీ పడుకుంది, మళ్లీ ఇంజెక్షన్. ఇలా మూడు రోజులు గడిచాయి. రక్తపరీక్ష ఎవరూ రాయలేదు, చేయించమని మేమూ అడగలేదు. నాలుగో రోజు దివాన్ కిందకి దూరి ఎంత పిలిచినా రాలేదు. మోసుకుంటూ వేరే డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "హీట్ అయ్యి ఎన్నాళ్లయింది?" అంటే ఎదకు వచ్చి ఎన్నాళ్లయిందని. ఆరు వారాలు. స్కానింగ్‌లో గర్భసంచి నిండా చీము కనిపించింది. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. సిరి బతికింది. కిడ్నీ రీడింగులు మామూలుకి రావడానికి మాత్రం నెల పైనే పట్టింది.

ఒంటి మీద పుండైతే కంటికి కనిపిస్తుంది. గర్భసంచిలో, కిడ్నీలో, రక్తంలో, ఊపిరితిత్తుల్లో చేరిన ఇన్ఫెక్షన్ అలా కనిపించదు. పైకి కనిపించేవన్నీ ఒకేలా ఉంటాయి: జ్వరం, నీరసం, తిండి మానేయడం. అందుకే యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు రెండు ప్రశ్నలు అడగాలి. ఇన్ఫెక్షన్ ఎక్కడుంది? అది ఏ క్రిమి? ఈ రెండిటికీ జవాబు వెతకడంలో డాక్టరుకు మనం ఎంతో సాయపడొచ్చు. మందు రాయాల్సింది డాక్టరే. కానీ సగం రోగనిర్ధారణ మన ఇంట్లో, మన కళ్లముందే జరుగుతుంది.

మొదటి అడుగు: ఇంట్లో కొలిచి చూడటం

ముక్కు పొడిగా ఉందా, తడిగా ఉందా అని చూసి జ్వరం తేల్చకండి. చెవులు ముట్టుకుని కూడా చెప్పలేం. 150, 200 రూపాయలకి దొరికే డిజిటల్ థర్మామీటర్ ఒకటి కుక్క కోసం విడిగా పెట్టుకోండి. కొనకు కాస్త వాజెలిన్ రాసి, తోక ఎత్తి, మలద్వారంలోకి రెండు సెంటీమీటర్ల దాకా మెల్లగా పెట్టి, బీప్ వచ్చేదాకా పట్టుకోవాలి. ఒకరు తల నిమురుతూ మాట్లాడుతుంటే ఇంకొకరు చూడటం తేలిక.

కుక్కకి మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. మనకి 101 అంటే జ్వరం, దానికి అది ఆరోగ్యం. చాలామంది ఇక్కడే కంగారు పడి క్రోసిన్ వేసేస్తారు. 103 దాటితే జాగ్రత్తగా గమనించాలి. 104 ఉంటే ఆ రోజే డాక్టరు చూడాలి. కుక్క డీలా పడిపోయి ఒళ్లు 99 కంటే తగ్గితే అది ఇంకా ప్రమాదం. ఇన్ఫెక్షన్ రక్తమంతా పాకి శరీరం చేతులెత్తేసే దశలో జ్వరం రాదు, ఒళ్లు చల్లబడుతుంది.

మన ఊరి విషయం ఒకటి. బీచ్ రోడ్డులో నడిపించి తెచ్చిన వెంటనే, లేదా మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు కొలిస్తే 103 చూపించొచ్చు. ఫ్యాన్ కింద అరగంట పడుకోబెట్టి మళ్లీ చూడండి. తగ్గితే అది వేడి, తగ్గకపోతే జ్వరం. ఎండలోనో మూసిన కారులోనో ఉండి 105, 106కి వెళ్లిందంటే అది వడదెబ్బ. మామూలు కుళాయి నీళ్లతో ఒళ్లంతా తడిపి, గాలి తగిలేలా చేస్తూ ఆసుపత్రికి బయల్దేరాలి. ఇన్ఫెక్షన్ జ్వరానికి మాత్రం ఐసు నీళ్లు పోయడం తగదు.

తర్వాత పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. ఆరోగ్యంగా ఉన్న కుక్క చిగుళ్లు తడిగా, లేత గులాబీ రంగులో ఉంటాయి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట 2 సెకన్లలో రంగు తిరిగి రావాలి. పాలిపోతే రక్తం తగ్గిందని, పసుపు తిరిగితే కామెర్లని, ఇటుక రంగులోకి మారితే రక్తంలో ఇన్ఫెక్షన్ అని అనుమానించాలి. ఊదారంగు చుక్కలు కనిపిస్తే ప్లేట్‌లెట్లు పడిపోయాయేమోనని చూడాలి. చిగుళ్లు పుట్టుకతో నల్లగా ఉండే కుక్కలకి కంటి కింది రెప్ప లాగి చూడొచ్చు.

గాఢనిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టండి. 30 దాటకూడదు. నీళ్లు కొలిచి పోయండి. రోజుకి కిలో బరువుకి 100 మిల్లీలీటర్లు దాటితే, అంటే 25 కిలోల కుక్క రెండున్నర లీటర్లు తాగేస్తే, దాని వెనక కారణం ఉన్నట్టే. సిరి విషయంలో మేం కొలిచి ఉంటే మొదటి రోజే తెలిసేది.

ఆలోచించకుండా బయల్దేరాల్సిన సందర్భాలు

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపటిదాకా ఆగకండి: 104 దాటిన జ్వరం, ముక్కులోంచి రక్తం, పసుపు తిరిగిన కళ్లు, 12 గంటలుగా ఒక్క చుక్క మూత్రం లేకపోవడం, మెడ చాచి కష్టపడి ఊపిరి తీయడం, ఫిట్స్, పొట్ట డోలులా ఉబ్బి ఓకరింతలు వస్తున్నా ఏమీ బయటికి రాకపోవడం. ఆపరేషన్ కాని ఆడకుక్క హీట్ అయిన రెండు నెలల లోపల నీరసపడితే, దాన్నీ ఈ జాబితాలోనే చేర్చండి. రాత్రిపూట ఏ క్లినిక్ తీసి ఉంటుందో ఆరోగ్యంగా ఉన్న రోజే తెలుసుకుని ఫోన్లో రాసి పెట్టుకోవాలి. గాజువాక నుంచి మధురవాడ దాకా అర్ధరాత్రి ఆటో దొరకడం మాటలు కాదు. వీధిలో కారున్న ఒకరితో ముందే మాట్లాడి ఉంచండి.

రెండో అడుగు: డాక్టరు ముందు పెట్టాల్సిన వివరాలు

కుక్క నోరు విప్పి చెప్పలేదు, మనమే చెప్పాలి. ఒక కాగితం మీద ఇవి రాసుకుని వెళ్లండి. తిండి ఏ రోజు తగ్గింది? వాంతి ఎన్నిసార్లు, ఏ రంగు? మోషన్ ఎలా ఉంది? ఆఖరి హీట్ ఏ తేదీన మొదలైంది? గోమార్లు (టిక్స్) పట్టాయా, ఈ నెలలో ఎన్ని తీశారు? ఇంట్లో, పెరట్లో ఎలుకలు, పందికొక్కులు తిరుగుతున్నాయా? వాన నీళ్లు, మురుగు నీళ్లు తాగిందా? బీచ్‌లో ఒడ్డుకు కొట్టుకొచ్చిన చేప తిన్నదా? టీకా కార్డు తీసుకెళ్లండి. ఇంతకుముందు వేసిన మందుల స్ట్రిప్‌లు, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకోండి. దగ్గు, వణుకు, నడకలో తేడా ఉంటే వీడియో తీయండి. క్లినిక్ మెట్లెక్కగానే భయంతో సగం కుక్కలు హుషారు నటిస్తాయి.

ఇంట్లో ఇప్పటికే యాంటీబయాటిక్ వేసి ఉంటే దాచకండి. తిడతారేమోనని దాచేస్తే కల్చర్ రిపోర్టు, అంటే నమూనాలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష ఫలితం, తప్పుదారి పట్టిస్తుంది.

మూడో అడుగు: మొదటి మాత్రకంటే ముందు నమూనా

ఈ మార్గదర్శిలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి. రక్తం, మూత్రం నమూనాలు తీశాకే యాంటీబయాటిక్ మొదలవ్వాలి. ఒక్క డోసు పడినా మూత్రంలో క్రిములు పెరగక కల్చర్ శుభ్రంగా ఉన్నట్టు రావొచ్చు. పరిస్థితి విషమంగా ఉంటే డాక్టరు ఫలితాల కోసం ఆగరు, ఆగకూడదు కూడా. నమూనా తీయడానికి ఐదు నిమిషాలు చాలు. తీసి పక్కన పెట్టి వెంటనే మందు మొదలుపెట్టొచ్చు.

ముందుగా సీబీసీ, అంటే రక్తకణాల లెక్క, దాంతోపాటు లివర్, కిడ్నీ రీడింగులు. కుక్కల్లో తెల్లరక్తకణాలు సుమారు 6,000 నుంచి 17,000 దాకా మామూలే. మనుషుల ల్యాబుల్లో పై హద్దు 11,000. మన వీధి ల్యాబులో కుక్క రక్తం ఇస్తే 14,000ని నల్లటి అక్షరాలతో "హై" అని ముద్రించి ఇస్తారు. అది చూసి టెన్షన్ పడి యాంటీబయాటిక్ మార్చమని డాక్టరు మీద ఒత్తిడి తెచ్చినవాళ్లు నాకు తెలుసు. కుక్కల పరిధులున్న ల్యాబులోనే చేయించండి. వీల్లేకపోతే పక్కన ముద్రించిన హద్దులు పట్టించుకోకుండా అంకెలు మాత్రమే డాక్టరుకు చూపించండి.

తెల్లకణాలు బాగా పెరిగి, వాటిలో న్యూట్రోఫిల్స్ అనే రకం ఇంకా ముదరనివి కూడా బయటికి వచ్చాయంటే శరీరం గట్టిగా పోరాడుతోందని అర్థం. 3, 4 వేలకు పడిపోతే ఇంకా భయపడాలి. పోరాడే సైన్యం అయిపోతోందన్నమాట. ప్లేట్‌లెట్లు సుమారు 2 నుంచి 5 లక్షలు ఉండాలి. సీసాలో అవి గుంపుకట్టినా మిషన్ తక్కువ చూపిస్తుంది. అందుకే గాజు పలక మీద రక్తం పూసి మైక్రోస్కోపులో చూడటం, అంటే స్మియర్, చేస్తారా అని అడగండి. చెవి కొసనుంచి తీసిన ఒక్క చుక్కతో చేసే ఈ చవకైన పరీక్ష మన ఊళ్లో ఎన్నో కుక్కల్ని కాపాడింది.

మూత్రం కల్చర్‌కి నేల మీద పోసింది, గిన్నెలో పట్టింది పనికిరావు. బయటి క్రిములు కలిసిపోతాయి. స్కానింగ్‌లో చూస్తూ పొట్ట మీంచి సన్నటి సూదితో నేరుగా మూత్రాశయం నుంచి తీస్తారు. వినడానికి భయంగా ఉన్నా, సిరి అయితే కదలనైనా కదల్లేదు. కల్చర్ రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అందులో ఒక్కో మందు ఎదురుగా ఎస్ అని ఉంటే పనిచేస్తుందని, ఆర్ అని ఉంటే క్రిమి దాన్ని లెక్కచేయదని అర్థం.

పొట్ట స్కానింగ్ గర్భసంచి, ప్రోస్టేట్, కిడ్నీలు, కాలేయం చూపిస్తుంది. దగ్గు, ఆయాసం ఉంటే ఛాతీ ఎక్స్‌రే. ఎక్కడా తేలని కేసులకి గరివిడి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. విజయనగరం దాటి వెళ్లాలి, ఒక పూట ప్రయాణం. ముందు ఫోన్ చేసి, రిపోర్టులన్నీ పట్టుకుని వెళ్లండి.

మన ఊళ్లో ఎక్కువగా వేధించే మూడు

గర్భసంచిలో చీము

దీన్ని డాక్టర్లు పయోమెట్రా అంటారు. హీట్ తర్వాత దాదాపు రెండు నెలలు, కడుపు వచ్చినా రాకపోయినా, ప్రొజెస్టరాన్ హార్మోను ఎక్కువగా ఉంటుంది. గర్భసంచి లోపలి పొర మందమై, స్రావాలు చేరతాయి, కొన్నిసార్లు ముఖద్వారం కూడా మూసుకుంటుంది. అక్కడికి చేరిన ఈ.కోలై లాంటి క్రిములకి అది పుట్టిల్లులా అనువుగా ఉంటుంది. ద్వారం తెరిచి ఉంటే చీము బయటికి కారుతుంది, కుక్క వెనక నాకుతూ ఉంటుంది, మనకి తెలుస్తుంది. మూసి ఉంటే చుక్క కూడా బయటికి రాదు. విషం రక్తంలోకి వెళ్లి, కిడ్నీలు నీటిని పట్టి ఉంచలేక, కుక్క తెగ నీళ్లు తాగి తెగ మూత్రం పోస్తుంది. సిరికి జరిగింది ఇదే.

వైద్యం ఆపరేషనే. డ్రిప్‌తో కుక్కని కాస్త నిలబెట్టి, యాంటీబయాటిక్ ఇచ్చి, గర్భసంచి, అండాశయాలు తీసేస్తారు. మాత్రలతో మాత్రమే నయం చేద్దామని రోజులు గడిపితే గర్భసంచి చిట్లే ప్రమాదముంది. పిల్లలు కావాలనుకునే వయసు కుక్కలకి కొన్ని హార్మోను ఇంజెక్షన్లతో ప్రయత్నిస్తారు. తర్వాతి హీట్‌లో మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి నేనైతే ఆ దారి ఎంచుకోను. హీట్ రాకుండా ఆపే హార్మోను ఇంజెక్షన్లు కూడా ఈ జబ్బుకి దారితీస్తాయి.

టిక్ ఫీవర్

గోమార్లు, పుస్తకాల్లో పిడుదులు అని రాస్తారు. గోధుమరంగు కుక్క గోమారు కుట్టినప్పుడు ఎర్లీషియా కేనిస్ అనే బ్యాక్టీరియా తెల్లకణాల్లోకి చేరుతుంది. వారం నుంచి మూడు వారాల్లో జ్వరం, కళ్ల నుంచి స్రావం, మెడ కింద గడ్డలు, ప్లేట్‌లెట్ల పతనం మొదలవుతాయి. కొన్ని కుక్కలు తమంతట తాము తేరుకున్నట్టు కనిపిస్తాయి. క్రిమి నెలల తరబడి లోపలే దాక్కుని తర్వాత మూలుగలో రక్తం తయారీనే ఆపేస్తుంది. అప్పుడు ముక్కు నుంచి రక్తం కారుతుంది, చిగుళ్లు సున్నంలా తెల్లబడతాయి. జర్మన్ షెపర్డ్‌లకి ఇది మరీ తీవ్రంగా వస్తుంది.

దీనికి డాక్సీసైక్లిన్. కిలోకి రోజుకి 10 మిల్లీగ్రాములు, ఒకేసారిగానీ రెండు భాగాలుగాగానీ, 28 రోజులు. మీ కుక్క బరువుకి ఈ లెక్క సరిపోయిందో లేదో డాక్టరుతో సరిచూసుకోండి. అంచనాగా బరువు చెప్పి తక్కువ డోసు పడిన కేసులు ఉన్నాయి, తూకం వేయించండి. మందు పనిచేస్తే రెండు మూడు రోజుల్లోనే కుక్క లేచి తింటుంది. లేవలేదంటే ఇంకేదో ఉంది. గోమార్ల వల్ల బబేసియా, హెపటోజూన్ అనే పరాన్నజీవులు కూడా వస్తాయి. అవి బ్యాక్టీరియా కావు, వాటి మందులు వేరు. ఒకేసారి రెండూ ఉండొచ్చు.

క్రిమి మీద ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీల్ని (ప్రతిరక్షకాల్ని) కిట్‌తో వెతికే పరీక్ష నయమైన తర్వాత కూడా నెలల తరబడి పాజిటివ్‌గానే వస్తుంది. అది చూసి మళ్లీ 28 రోజులు మందు మింగించకండి. ప్లేట్‌లెట్లు పెరిగాయా, కుక్క ఎలా ఉంది అన్నదే కొలమానం.

లెప్టో

ఎలుకల, పందికొక్కుల మూత్రంలో ఉండే లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా తెచ్చే జబ్బు ఇది. ఆ క్రిమి తడి మట్టిలో, నిలిచిన నీళ్లలో వారాల తరబడి బతుకుతుంది. పాదం మీద చిన్న గీత ఉన్నా చాలు, లోపలికి దూరుతుంది. మనకి జూన్ నుంచి నైరుతి వానలు, అవి తగ్గాయనుకునేలోపు అక్టోబరు, నవంబరు తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక పల్లపు వీధుల్లో నీళ్లు, కూలిన చెట్లు, చెత్త ఎన్ని రోజులున్నాయో అనుభవించినవాళ్లకి చెప్పక్కర్లేదు. అలాంటి వారాల తర్వాత కుక్కకి జ్వరం, వాంతులు, వెనక కాళ్లు పట్టేసినట్టు నడవడం, కళ్లు పసుపు తిరగడం చూస్తే మొదట లెప్టో గుర్తుకు రావాలి.

మొదటి వారంలో రక్తంలో, ఆ తర్వాత మూత్రంలో క్రిమిని, దాని జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షతో పట్టుకోవచ్చు. ఎమ్ఏటీ అనే యాంటీబాడీ పరీక్ష ఒకసారి చేస్తే తేలకపోవచ్చు. వారం, రెండు వారాల తేడాతో రెండుసార్లు చేసి, అంకె నాలుగు రెట్లు పెరిగిందా అని చూస్తారు. ఈమధ్యే టీకా వేయించి ఉంటే ఆ మాట చెప్పండి, ఫలితం మారుతుంది. వాంతులున్నంతకాలం పెన్సిలిన్ జాతి ఇంజెక్షన్, నోటితో తినగలిగాక రెండు వారాలు డాక్సీసైక్లిన్, వీటన్నిటికంటే ముందు సెలైన్. కిడ్నీలు నిలబడితేనే మిగతావన్నీ.

ఇది మనకీ అంటుకుంటుంది. మూత్రం తుడిచేటప్పుడు చేతులకి గ్లవ్స్ వేసుకోండి. ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి పది వంతుల నీళ్లు కలిపి నేల కడగండి. పిల్లలు, గర్భిణులు ఆ వైపు వెళ్లకుండా చూడండి. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే మీ డాక్టరుకి కుక్క సంగతి తప్పక చెప్పండి.

మిగతావి, క్లుప్తంగా

మూత్రాశయ ఇన్ఫెక్షన్: కొద్దికొద్దిగా, మాటిమాటికీ, మంటతో పోస్తుంది. జ్వరం ఉండదు. మామూలు కేసుకి మూడు నుంచి ఐదు రోజుల అమోక్సిసిలిన్ చాలు. జ్వరం, నడుం నొప్పి ఉంటే ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కిందేమో చూడాలి. అప్పుడు కోర్సు 10 నుంచి 14 రోజులు. ఆపరేషన్ కాని పెద్దవయసు మగకుక్క మోషన్‌కి ముక్కుతూ ఉంటే ప్రోస్టేట్ చూడమనండి. అక్కడికి అమోక్సిసిలిన్ సరిగా చేరదు, ఎన్రోఫ్లాక్సాసిన్ లాంటివి చేరతాయి. న్యుమోనియాలో జ్వరం, తడి దగ్గు ఉంటాయి. పప్పీలకి బలవంతంగా సిరంజితో పాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి వస్తుంది. వాంతులు, రక్తవిరేచనాలు తెచ్చే పార్వో వైరస్సే అయినా, పేగు గోడ దెబ్బతిని అక్కడి బ్యాక్టీరియా రక్తంలోకి వెళ్తుంది కాబట్టి అందులోనూ యాంటీబయాటిక్ ఇస్తారు.

నాలుగో అడుగు: మందు విషయంలో అడగాల్సినవి

"డాక్టర్ గారూ, ఏ ఇన్ఫెక్షన్ అని అనుమానిస్తున్నారు? ఎన్ని రోజుల కోర్సు? ఎప్పటికి తేడా కనిపించాలి?" ఈ మూడూ మర్యాదగా అడగండి. మంచి డాక్టరెవరూ కోప్పడరు.

ఒక ఇంజెక్షన్‌తో సాయంత్రానికి జ్వరం దిగిపోతే సంబరపడే ముందు అందులో స్టెరాయిడ్ ఉందేమో అడగండి. డెక్సామెథాసోన్ జ్వరాన్ని అణచి, ఆకలి పుట్టించి, కుక్క కోలుకుందని నమ్మిస్తుంది. లోపల ఇన్ఫెక్షన్ అలాగే ఉంటుంది. కొన్ని సందర్భాల్లో స్టెరాయిడ్ నిజంగా అవసరమే, కానీ కారణం తెలిశాకే. జెంటామైసిన్, అమికాసిన్ అనే యాంటీబయాటిక్‌లు కిడ్నీలకి భారం. వాంతులతో ఒంట్లో నీరు తగ్గిన కుక్కకి కిడ్నీ రీడింగ్ చూడకుండా ఇవ్వకూడదు. పెరిగే వయసు పప్పీలకి ఎన్రోఫ్లాక్సాసిన్ కీళ్ల మృదులాస్థిని దెబ్బతీస్తుంది.

మనుషుల మందుల డబ్బాకి తాళం వేయండి. ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేసి కిడ్నీల్ని పాడుచేస్తాయి. పారాసిటమాల్ డోసు తప్పితే కాలేయం పోతుంది. పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ కూడా వేయొద్దు. స్ట్రిప్ మీద ఉండే ఎర్రగీత అర్థం అదే: డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని. సగంలో ఆపేసిన కోర్సులు, ఊరికే వేసిన డోసులు మన ఇళ్లలోనే మందుకి లొంగని క్రిముల్ని పెంచుతున్నాయి. అవి కుక్క దగ్గరే ఆగవు.

ఐదో అడుగు: ఇంట్లో సేవ

డాక్సీసైక్లిన్ ఖాళీ కడుపున వేయకండి. అన్నం పెట్టాక వేసి, వెనకాలే నీళ్లు తాగించండి. గొంతులో ఇరుక్కుంటే అన్నవాహిక పూసిపోతుంది. పాలు, పెరుగు, క్యాల్షియం సిరప్, గ్యాస్ మాత్రలు దానికి కనీసం రెండు గంటల దూరంలో ఉండాలి. మన ఇళ్లలో మాత్రని పెరుగన్నంలో కలపడం అలవాటు కాబట్టి గట్టిగా చెప్తున్నాను. ఉడికించిన గుడ్డు, చికెన్ ముక్క మేలు.

తిండి విషయంలో తొందర వద్దు. ఉప్పు, మసాలా, ఉల్లిపాయ లేకుండా మెత్తగా ఉడికించిన అన్నం, చికెన్, రోజుకి నాలుగైదుసార్లు గుప్పెడు గుప్పెడుగా. తినకపోతే నోట్లో కుక్కకండి. 24 గంటలు ఏమీ ముట్టకపోతే డాక్టరుకి చెప్పండి. చర్మం కింద ఎక్కించే సెలైన్ తేలికపాటి నీరసానికే సరిపోతుంది. బాగా ఎండిపోయిన కుక్కకి నరానికే డ్రిప్ పెట్టాలి.

పొద్దున, సాయంత్రం ఉష్ణోగ్రత, తాగిన నీళ్లు, మూత్రం, తిండి ఒక నోట్‌బుక్‌లో రాయండి. 48 నుంచి 72 గంటల్లో ఏ మార్పూ లేకపోతే, లేదా తగ్గి మళ్లీ జ్వరమొస్తే, డాక్టరు దగ్గరికి తిరిగి వెళ్లండి. మందు మార్చమని అడిగే ముందు రోగనిర్ధారణే మళ్లీ చూడమని అడగాలి. గుండె కవాటం మీద, వెన్నుపూసల మధ్య కూర్చున్న ఇన్ఫెక్షన్లు ఇలాగే తప్పించుకు తిరుగుతాయి. వాటికి వారాలు, నెలలు మందు వాడాలి.

కోర్సు అయిపోయాక కూడా ఒకసారి చూపించాలి. టిక్ ఫీవర్‌కి ప్లేట్‌లెట్లు, లెప్టోకి, గర్భసంచి ఆపరేషన్‌కి కిడ్నీ రీడింగులు, మూత్రం పదేపదే ఇన్ఫెక్ట్ అయ్యే కుక్కకి స్కానింగ్, ఎందుకంటే రాళ్లు ఉండొచ్చు.

రాకుండా చూసుకోవడం

లెప్టో ఉన్న టీకా మొదట రెండు డోసులు, తర్వాత ఏటేటా. మే నెలలో వేయించి వానలకి సిద్ధం కండి. గోమార్ల మందు ఏడాది పొడవునా, మన గాలిలో తేమకి వాటికి సెలవు లేదు. అవి గోడ పగుళ్లలో, గుమ్మం సందుల్లో గుడ్లు పెడతాయి కాబట్టి కుక్క పక్క ఉతకడం, గోడ మూలలు శుభ్రం చేయడం కూడా వైద్యంలో భాగమే. కనిపించినదాన్ని పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిటారుగా లాగండి. కాల్చొద్దు, వేళ్లతో చిదపొద్దు. పిల్లలు అక్కర్లేదనుకుంటే ఆడకుక్కకి ఆపరేషన్ చేయించండి. రాత్రి మిగిలిన కుక్కతిండి గిన్నె తీసేస్తే పందికొక్కులు సగం తగ్గుతాయి.

వీధికుక్కకి 28 రోజులు మందు వేయడం కుదరదని చాలామంది ముందే వదిలేస్తారు. మా సందులో రాజుకి పోయిన వానాకాలం టిక్ ఫీవర్ వచ్చింది. ప్లేట్‌లెట్లు 38 వేలు. మేం నాలుగు ఇళ్లవాళ్లం వారానికొకరు చొప్పున పంచుకున్నాం. వాచ్‌మన్ గదిలో గోడకి ఒక క్యాలెండరు తగిలించి, ఉడికించిన గుడ్డులో మాత్ర పెట్టి తినిపించిన ప్రతి రోజూ టిక్కు కొట్టాం. రెండు రోజులు అది ఎటో వెళ్లిపోయి సాయంత్రం దాకా రాలేదు. వాచ్‌మన్ కూతురు టార్చి పట్టుకుని అప్పుఘర్ వైపు వెతికి తెచ్చింది. ఇరవై ఎనిమిదో టిక్కు ఆ పిల్లే కొట్టింది. తర్వాతి వారం రక్తం తీయిస్తే ప్లేట్‌లెట్లు 2 లక్షల 10 వేలు.